సపోటా చెట్టు నుంచి నూట అరవై అంగలు

ఈ మధ్య ఒకాయన మా స్టేడియం చరిత్ర రాస్తున్నానంటూ వచ్చి నన్ను గంటన్నర కూర్చోబెట్టాడు. ఏ ఏట ఎవరు గోల్ కొట్టారు, ఏ దేశాధ్యక్షుడు ఎక్కడ కూర్చున్నాడు, పైకప్పు ఉంగరంలా చుట్టూ కలిసే ఆలోచన ఎవరిది, రష్యా ఇంజినీర్లు ఏం తినేవారు, ఇవీ ఆయన ప్రశ్నలు. నాకు తెలిసింది చెప్పాను. చివర్లో మునారో గురించి కూడా రాసుకోండి అన్నాను. ఆయన కలం ఎత్తి, "ఆవిడ ఏ జట్టు?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. టీ కూడా ఇవ్వకుండా పంపేశాను.

మునారో ఏ జట్టూ కాదు. తూర్పు స్టాండు ఊడ్చే మనిషి. నలభై రెండేళ్ళు ఊడ్చింది. నేను మైదానంలో గడ్డి పనివాణ్ణి, పేరు వాస్కున్, ఆమెకి కున్, ఊరు తెగల్. నేను వచ్చేనాటికే ఆమె అక్కడ పాత కాపు. జకార్తా మూలవాసులు అక్కని ఎంపొక్ అంటారు. అందరిలాగే నేనూ ఎంపొక్ అనేవాణ్ణి. పొట్టి మనిషి, పెద్ద గొంతు, నోరు ఊరుకోదు. బెంచీల మధ్య వంగి ఊడుస్తుంటే మనిషి కనపడేది కాదు, తిట్లు మాత్రం వినపడేవి.

ఆమె పుట్టింది ఆ నేలమీదే. ఆసుపత్రిలో కాదు, స్టేడియం పక్క వీధిలో కాదు, సరిగ్గా ఆ నేలమీద. అప్పుడు స్టేడియం ఉన్న ఈ సెనయాన్ అంటే తోటల ఊరు. రంబుతాన్, సపోటా, కొబ్బరి. మునారో తండ్రి నైమాన్‌కి ఇంటి ముందు సపోటా చెట్టు ఉండేది. కాపు పట్టడం లేదని ఒక ఏడు ఆయన కత్తి తీసుకుని దాని మొదలు మీద మూడు గాట్లు పెట్టాడట. తోటలవాళ్ళు అలా చేస్తారు, చెట్టు భయపడి కాస్తుందని. అది నిజంగానే కాసింది. ఆ తర్వాత కొన్నేళ్ళకి భార్య జులేహా పురిట్లో పోయింది. బిడ్డ కూడా దక్కలేదు. మునారోకి అప్పుడు ఆరేళ్ళు. తోట వెనకాల, తమ వాళ్ళందరినీ పెట్టిన చోటే జులేహాని పెట్టారు. రాతి గురుతు కూడా ఇంకా వెయ్యలేదు, రెండు కర్రలు పాతారంతే.

మూడేళ్ళు కూడా నిండలేదు, కబురొచ్చింది. ఆసియా క్రీడలు మన దేశంలో జరగబోతున్నాయి, ఇక్కడ పెద్ద స్టేడియం కడతారు, ఊళ్ళకి ఊళ్ళే లేచి తెబెత్‌కి వెళ్ళాలి. దేశ గౌరవం అన్నారు. నైమాన్ అందుకు ఎదురు చెప్పలేదు. గౌరవం మంచిదే అనుకున్నాడు. తలుపులు బందులతో సహా ఊడదీసి లారీ ఎక్కించాడు, కోళ్ళని బుట్టలో వేశాడు. సమాధులు కదుపుకునేవాళ్ళు కదుపుకోవచ్చని కూడా చెప్పారు. చాలామంది తవ్వుకుని, తెల్లగుడ్డలో చుట్టుకుని తీసుకెళ్ళారు. నైమాన్ మాత్రం ఒప్పుకోలేదు.

"పడుకుని మూడేళ్ళు కాలేదు, లేపుతామా? అయినా బంతాటకి ఎంత చోటు కావాలి? ఇటు రెండు వెదుళ్ళు, అటు రెండు వెదుళ్ళు. మిగతాదంతా వదిలేస్తారు. మనం వచ్చి చూసుకుంటూ ఉండొచ్చు" అన్నాడట.

పాపం, ఆయన చూసిన బంతాట అదే. వరి కోసిన మళ్ళలో, రెండు పక్కలా వెదుళ్ళు పాతి ఆడేది. లక్షమంది కూర్చుని చూస్తారని ఆయనకెవరు చెప్పారు? చెప్పినా నమ్మేవాడా? సెనయాన్‌లో అన్ని ఊళ్ళూ కలిపినా లక్షమంది లేరు.

తెబెత్ అప్పట్లో బురద. నైమాన్ అక్కణ్ణుంచి వారం వారం నడిచి వచ్చి కంచె బయట నిలబడేవాడట. లోపల ఇనుము లేస్తోంది, సిమెంటు లేస్తోంది. రెండు వెదుళ్ళ ఆటకి ఇదంతా ఎందుకో ఆయనకి అంతుపట్టలేదు. ఆటలు అయ్యాయి, దేశమంతా సంబరపడింది, పేపర్లన్నీ పైకప్పు ఫొటో వేశాయి. మరుసటి ఏడు, కంచెలు తీశాక, నైమాన్ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. మునారోకి అప్పుడు పన్నెండేళ్ళు.

ఊరి ఆనవాలు ఒక్కటి లేదు. బావి లేదు, నమాజు పాక లేదు, దారి లేదు. నైమాన్ తిరిగి తిరిగి చివరికి తూర్పు వైపు రోడ్డు పక్కన ఒక చెట్టు దగ్గర ఆగిపోయాడు. సపోటా చెట్టు. మొదలు మీద మూడు గాట్లు. ఆయన ఆ గాట్లలో వేలు పెట్టి చూసి, నేలమీద కూలబడి ఏడ్చాడట.

"మన చెట్టేనే! చూశావా, చెట్టుని వదిలేశారు. ఎంత మంచోళ్ళు!"

ఇంకేముంది, లెక్క తెలిసిపోయింది. ఇంటి ముందు చెట్టు నుంచి కిబ్లా వైపు, అంటే నమాజుకి తిరిగే దిక్కుకి, నూట అరవై అంగలు వేస్తే జులేహా సమాధి. భార్య పోయాక ఆయన రోజూ నడిచిన దూరం అది, కళ్ళు మూసుకుని వెళ్ళగలడు. అలాగే నడిచాడు. ఒక్కొక్క అంగా పైకి లెక్కపెడుతూ రోడ్డు దాటాడు, ద్వారం దాటాడు, తూర్పు స్టాండు మెట్ల మధ్యకి వెళ్ళి ఒక పొడుగాటి చెక్క బెంచీ దగ్గర ఆగాడు.

"ఇక్కడే. దీని కింద" అన్నాడు.

మునారోకి ఒక విషయం అర్థం కాలేదు. "బాబె, గాట్లు మన ఇంటి వైపుండేవి కదా? ఇప్పుడు రోడ్డు వైపున్నాయేంటి?" అని తండ్రిని అడిగింది.

నైమాన్‌కి కోపం వచ్చింది. "ఇల్లే లేనప్పుడు ఇంటి వైపేంటే? నోర్ముయ్!" అన్నాడు.

ఆమె నోరు మూసుకుంది.

మా దగ్గర రంజాన్ ఉపవాస మాసం ముందు వారం అందరూ సమాధుల దగ్గరికి వెళతారు. గడ్డి పీకి, రోజ్ వాటర్ చల్లి, పూలరెక్కలు జల్లి, నాలుగు మాటలు చదువుకుని వస్తారు. వెళ్ళకపోతే ఉపవాసం మొదలుపెట్టినట్టే ఉండదు. నైమాన్ ప్రతి ఏడూ ఆ వారం ఏ ఆట ఉంటే ఆ ఆటకి టికెట్టు కొనుక్కుని లోపలికి వచ్చేవాడు. ఎవరు ఆడుతున్నారో తెలీదు, ఎవరు గెలిచారో తెలీదు. బెంచీ మీద కూర్చుని, పెదాలు కదుపుతూ, కాళ్ళ సందులోంచి గుప్పెడు రెక్కలు కిందికి వదిలేవాడు. పక్కనున్నవాళ్ళు ఆయన తమ జట్టుకోసం మొక్కుతున్నాడనుకునేవారట. ఒకసారి గోల్ పడితే ఎవరో ఆయన్ని ఎత్తుకుని ముద్దు పెట్టుకున్నారని మునారో చెప్పి తెగ నవ్వేది.

ఆయన పోయేముందు కూతుర్ని పిలిచి, "మీ న్యాక్‌ని, మీ అమ్మని, నువ్వు చూసుకో. టికెట్లు కొనుక్కుని ఎన్నాళ్ళు వెళతావు?" అన్నాడు. ఆమె వెళ్ళి మేస్త్రీని పట్టుకుని చీపురు పనిలో చేరింది. తూర్పు స్టాండే కావాలంది. అప్పటికి ఆమె వయసు ఇరవై మూడు.

ఇదంతా నాకు మొదట్లో తెలీదు. నేను చేరిన కొత్తలో ఒక ఆట అయిపోయాక తూర్పు స్టాండులో పెద్ద గొడవ వినిపించింది. వెళ్ళి చూస్తే ఒక అభిమాని, ముఖం నిండా రంగు, ప్యాంటు సగం విప్పుకుని నిలబడి ఉన్నాడు. మునారో చీపురు కర్రతో వాడి వీపు వాయిస్తోంది.

"మీ అమ్మ పడుకున్న గదిలో ఇలాగే పోస్తావురా? చెప్పు, పోస్తావా?"

"అవ్వా, లైను పెద్దదుందే, ఆగలేకపోయా!"

"అవ్వ ఎవర్రా నీకు? నాకు ముప్పై ఏళ్ళు! ఆగలేకపోతే అటు పో, పడమటి వైపు పో! అక్కడ మంత్రులు కూర్చుంటారు, వాళ్ళ మీద పొయ్యి!"

వాడు పారిపోయాక ఆమె బకెట్టుతో నీళ్ళు తెచ్చి ఆ చోటు మూడుసార్లు కడిగింది. అంత శుభ్రం ఎందుకని అడిగాను. అప్పుడు చెప్పింది. నా చిన్నప్పటి నుంచీ రేడియోలో ఈ స్టేడియం పేరు వింటే ఒళ్ళు పులకరించేది. కింద ఎవరి అమ్మో పడుకుని ఉంటుందని ఎవరనుకుంటారు?

ఆ తర్వాత మేమిద్దరం మధ్యాహ్నాలు ఒకచోట తినేవాళ్ళం. ఆమె ఇంటి నుంచి కొబ్బరిపాల అన్నం తెచ్చేది, నేను వేయించిన సోయా తెంపే తెచ్చేవాణ్ణి. ఆమె మెట్లమీద, నేను కంచె ఇవతల. గడ్డి మీద కాలు పెట్టనిచ్చేవాణ్ణి కాదు. నా మైదానం మీద ఆటగాళ్ళూ రెఫరీలూ తప్ప ఎవరు అడుగుపెట్టినా నాకు పూనకం వచ్చేది. ఫొటోగ్రాఫర్లని తరిమాను, ఒక అధికారి భార్యని తరిమాను. మునారో ఎప్పుడూ అడగలేదు కాబట్టి తరిమే పని పడలేదు.

ఎన్నో చూశాం ఇద్దరం. ఎనభై అయిదులో బాండుంగ్, మేదాన్ జట్ల ఫైనల్. జనం స్టాండ్లలో పట్టక మైదానం గీత దాకా వచ్చి కూర్చున్నారు. నేను ఏడుస్తూ కూర్చున్నాను, నా గడ్డి కోసం. మునారో తన బెంచీ మీద చేతులు చాపుకుని పడుకుని ఎవరినీ కూర్చోనివ్వలేదట. పేరు కూడా మారుతూ వచ్చింది. కట్టించిన అధ్యక్షుడి పేరు తీసేసి ఉత్త సెనయాన్ అన్నారు. మళ్ళీ ఆయన పేరే పెట్టారు. ప్రభుత్వం మారితే బోర్డు మారుతుంది. బోర్డు రాసేవాడికి పని, మాకేం లేదు.

రెండువేల పదిలో మలేషియాతో ఫైనల్. టికెట్ల కోసం జనం రోజుల తరబడి పడిగాపులు కాసి, తోపులాటలో గేట్లు వంచేశారు. ఆ ఆట గెలిచాం, కప్పు పోయింది. మలేషియాలో జరిగిన మొదటి ఆటలో మూడు గోల్స్ తిని వచ్చి ఇక్కడ రెండు కొడితే కప్పు ఎవరిస్తారు? తొంభై వేలమంది ఏడుస్తూ వెళ్ళిపోయారు, వాళ్ళు పారేసినదంతా మిగిలింది. మర్నాడు పొద్దున మునారో మోకాళ్ళ మీద పాక్కుంటూ ఊడ్చింది. అప్పటికే వంగితే లేవలేకపోతోంది.

"ఓడినప్పుడు చెత్త ఎక్కువ, కున్. గెలిస్తే జెండాలు ఇంటికి పట్టుకుపోతారు" అంది.

మోకాళ్ళు చూసి మేస్త్రీ ఆమెని ఈతకొలను వైపు మారుస్తానన్నాడు. అక్కడ నీడ, మెట్లు తక్కువ. ఆమె వద్దంది. అంతకు చాలా ముందే మొగుడు రొజాలీ బెకాసిలో ఇల్లు చూశాడు. ఆటో నడుపుకునేవాడు, చెడ్డవాడేం కాదు. అక్కడికి వెళితే రోజూ ఇక్కడికి రావడం కుదరదు. ఆమె కదలనంది.

"నాతో కాపురం చేస్తున్నావా, ఆ బెంచీతో చేస్తున్నావా?" అన్నాడట.

"బెంచీ నన్నేం అడగదు" అందట ఈవిడ. ఆ మాట అనకుండా ఉండాల్సిందని నాతో చాలాసార్లు అంది. రొజాలీ బెకాసి వెళ్ళాడు, మొదట్లో వారానికోసారి వచ్చేవాడు, తర్వాత రంజాన్ పండక్కి వచ్చేవాడు, తర్వాత అక్కడ ఇంకో సంసారం పెట్టాడు. ఈమెకి పిల్లల్లేరు. నాకు ఆమెని చూస్తే జాలేసేది, కోపమూ వచ్చేది. చచ్చిపోయిన తల్లి కోసం బతికున్న మనిషి ఇంత ఇవ్వాలా అనిపించేది. నోరు తెరిచి ఎప్పుడూ అనలేదు. అనగలిగితే బాగుండేదేమో.

రెండువేల పదహారులో స్టేడియం బాగుచేత మొదలైంది. చెక్క బెంచీలన్నీ పీకేసి విడి విడి కుర్చీలు వేస్తారన్నారు. చీపురు పనివాళ్ళని ఆపేశారు. పని పూర్తయ్యాక పిలుస్తాం, అరవై దాటినవాళ్ళు మాత్రం ఇక రానక్కర్లేదన్నారు. మునారోకి అరవై అయిదు. పని పోయినందుకు ఆమె ఒక్క మాట అనలేదు. ఒకటే అడిగింది.

"పైన కుర్చీలు మారుస్తారు సరే. కింద తవ్వరు కదా?"

"తవ్వరు ఎంపొక్. సిమెంటు జోలికి పోరు" అన్నాను.

"అయితే సరే. ఏడాదికోసారి నువ్వే నన్ను లోపలికి తీసుకెళ్ళాలి."

మాటిచ్చాను. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

మరుసటి ఏడు మొదట్లో తూర్పు వైపు రోడ్డు వెడల్పు చెయ్యడానికి ఆ సపోటా చెట్టు అడ్డం వచ్చింది. నరకొద్దు, వేళ్ళతో సహా లేపి ముప్పై గజాల అవతల నాటండి అన్నారు. మొక్కల సంగతి తెలిసినవాణ్ణని నన్ను పిలిచారు. నేను మునారోకి కబురు పంపాను. నైమాన్ గాట్లు పెట్టిన చెట్టు కదా, చూసుకుంటుందని. ఆ కబురు పంపకపోతే ఎంత బాగుండేదో.

ఆమె పొద్దున్నే వచ్చి, గొడుగు వేసుకుని, ఇటుకల మీద కూర్చుంది. నలుగురు పనివాళ్ళు చుట్టూ తవ్వారు. క్రేను పట్టీ బిగించి పైకి లాగింది. చెట్టు పక్కకి ఒరిగి, వేళ్ళ ముద్ద బయటికొచ్చింది. ఒక పనివాడు మట్టి కొడుతూ, "ఇదేంటి సార్, ఇనుప తీగ?" అన్నాడు.

వేళ్ళలోకి దిగిపోయి ఉంది తీగ. తుప్పు పట్టి, వేళ్ళు దాన్ని మింగేసి, అయినా చుట్టూ ఒక వలయంలా తెలుస్తోంది. చెట్టుని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చేటప్పుడు మట్టిముద్ద విడిపోకుండా గోనె చుట్టి తీగతో కట్టేది మేమే. గోనె కుళ్ళిపోతుంది, తీగ ఉండిపోతుంది. నేను మునారో వైపు చూడకుండా కిందకి వంగి మట్టి సర్దుతున్నట్టు నటించాను. ఆమె అప్పటికే లేచి వచ్చేసింది. తోటమాలి కూతురు, ఆమెకి నేను చెప్పాలా? వంగి వేళ్ళ కిందికి చూసింది.

"తల్లి వేరు రంపంతో కోశారు" అంది.

నిజమే. నున్నగా తెగి ఉంది, దాని చుట్టూ పక్క వేళ్ళు ఎప్పుడో పుట్టి ముదిరిపోయాయి.

"ఇది మోసుకొచ్చిన చెట్టు, కున్."

నేను ఏదో ఒకటి అనాలని, "కొంచెం జరిపి ఉంటారు ఎంపొక్. ఇప్పుడు మనం జరుపుతున్నట్టే. పది గజాలు, ఇరవై గజాలు" అన్నాను.

"ఏ వైపు పది గజాలు?"

అప్పట్లో స్టేడియం చుట్టూ పచ్చగా కనపడాలని తోటల్లో బతికున్న చెట్లని తీసి ఎక్కడ కావాలంటే అక్కడ నాటి ఉంటారు. వాళ్ళ తప్పేం లేదు. చెట్టు బతికింది కూడా. నైమాన్ తప్పు కూడా ఏముంది? తోటవాడికి చెట్టు కదలదు. ఇల్లు కూలుతుంది, బావి పూడుతుంది, మనిషి లారీ ఎక్కి పోతాడు, చెట్టు ఉన్నచోటే ఉంటుంది. తన చెట్టుని తను గుర్తుపట్టాడు, అది నిజంగా తన చెట్టే. అంగలు కూడా సరిగ్గానే లెక్కపెట్టాడు.

ఆ తర్వాత నెలరోజులు నేను కాళ్ళరిగేలా తిరిగాను. పాత ఆఫీసులో పటాలున్నాయా అని అడిగాను. స్టేడియం పటాలున్నాయి, చెట్ల పటాలు ఎవరుంచుతారు? ఆ రోజుల్లో పనిచేసిన మాలీలు ఒక్కరూ మిగల్లేదు. ఆ మాటే చెబుదామని తెబెత్ వెళ్ళాను. ఆమె గది ముందు స్టూలు మీద కూర్చుని మోకాళ్ళకి నూనె రాసుకుంటోంది. నేను చెప్పింది విని తల ఊపింది.

"నీకెందుకురా ఈ తిరుగుడు? నాకు పన్నెండేళ్ళప్పుడే అనుమానం" అంది.

"ఏంటి?"

"గాట్లు అటు తిరిగున్నాయని అడిగితే బాబె కసిరాడు. మొహం చూశా. ఆయనక్కూడా తెలుసేమో అనిపించింది. అంత ఏడ్చాడు కదా చెట్టుని పట్టుకుని, మళ్ళీ ఎలా లాక్కుంటాం ఆయన దగ్గర్నుంచి? నోరు మూసుకున్నా. తర్వాత తెరవడానికి ఎవరున్నారు?"

"మరి నలభై రెండేళ్ళు..."

"ఎక్కడో ఒకచోట కూర్చోవాలి కదా, కున్. ఎక్కడా లేదంటే ఎక్కడ కూర్చుంటాం?" నూనె సీసాకి మూత పెట్టి, "అలిసిపోయాను. రొజాలీ అన్నదే నిజమేమో. ఉత్త బెంచీకి కాపలా కాశాను. అది కూడా పీకేశారు" అంది. "ఇంకోటి చెప్పనా? ఆ ఒక్క చోటు కడిగి కడిగి పెట్టాను. మిగతా చోట్ల? చెత్త తగలబెట్టాను. ఉమ్మాను. లైను పెద్దదుంటే నేను కూడా... నవ్వకు. మా న్యాక్ ఎక్కడుందో ఏమో."

నాకు నవ్వు రాలేదు. నెమ్మదిగా లేచి వచ్చేశాను. దారిలో బస్సులో ఏడ్చాను, చెప్పడానికి సిగ్గేం లేదు.

ఆ ఏడు ఉపవాసం ముందు వారం ఆమె వస్తుందని నేననుకోలేదు. మధ్యాహ్నం గేటు కాపలావాడు ఫోను చేశాడు, ఎవరో ముసలావిడ పూల పొట్లంతో వచ్చి కదలడం లేదని. వెళ్ళాను. ఉతికిన రవికె, తలమీద కొత్త గుడ్డ, చేతిలో అరటాకు పొట్లం.

"మాటిచ్చావు కదా. లోపలికి తీసుకెళ్ళు."

"తూర్పు స్టాండులో కుర్చీలు బిగిస్తున్నారు ఎంపొక్. ఇవాళ కుదరదు."

"తూర్పు స్టాండు ఎందుకు? అక్కడుందో లేదో. నడిమధ్యకి తీసుకెళ్ళు. అక్కణ్ణుంచి ఎటున్నా ఒకటే దూరం."

నడిమధ్య అంటే నా గడ్డి. కొత్త రకం గడ్డి, రెండు నెలలు కూడా కాలేదు పరచి. కంపెనీవాళ్ళు దాని మీద మమ్మల్ని కూడా పలకలు వేసుకుని నడవమన్నారు. నేను ముప్పై నాలుగేళ్ళుగా ఎవరినీ రానివ్వని చోటు. ఎవరైనా చూస్తే నా పని కూడా పోతుందని అనుకున్నాను, అబద్ధం ఎందుకు. ఆమె నన్ను బతిమాలలేదు. పొట్లం పట్టుకుని ఊరికే నిలబడింది. పద అన్నాను.

గీత దగ్గర ఆమె చెప్పులు విడిచింది. వాటిని చేత్తో పట్టుకుంది, కింద పెట్టలేదు. నా భుజం మీద చెయ్యి వేసి అడుగులో అడుగు వేస్తూ నడిచింది. మోకాళ్ళు ఆమెని చాలాసేపు సతాయించాయి. సగం దూరం వచ్చాక ఆగి కిందకి చూసింది.

"ఇంత మెత్తగా ఉంటుందా?"

"ఊఁ."

"ఇన్నేళ్ళలో ఒక్కసారి రమ్మనలేదే నువ్వు."

"నువ్వు అడగలేదు కదా."

"అడిగితే రానిచ్చేవాడివా?"

"లేదు" అన్నాను.

ఆమె నవ్వింది. నాకు మాత్రం ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

నడిమధ్యన ఆగాం. చుట్టూ కూలీలు కుర్చీలకి మరలు బిగిస్తున్న చప్పుడు. ఎవరూ మావైపు చూడలేదు. ఆమె తూర్పుకి తిరిగింది, మళ్ళీ పడమరకి తిరిగింది, ఎటు తిరగాలో తెలియక నా మొహం చూసింది. నేను కిబ్లా వైపు చెయ్యి చూపించాను. ఆమె చెప్పులూ పొట్లమూ నాకిచ్చి, చేతులు చాచి చదువుకుంది. పూర్తయ్యాక మొహం తుడుచుకుని, పొట్లం అందుకుని విప్పింది. గులాబీ రెక్కలు, మల్లెలు, సన్నగా తరిగిన సువాసనల పాందాన్ ఆకు. చెయ్యి పొట్లంలో పెట్టి, తియ్యకుండా అలాగే ఉండిపోయింది.

"ఏమైంది ఎంపొక్?"

ఆమె మైదానం అంతా ఒకసారి చూసింది. ఒక్క ఎండుటాకు లేకుండా నున్నగా ఉంది.

"బెంచీ కింద అయితే ఎవరికీ కనపడేవి కావు. ఇక్కడ పోస్తే ఎలా? మళ్ళీ ఎవరు ఊడవాలి? నేను వంగలేను, కున్."

"నేను ఊడుస్తాను. పొయ్యి" అన్నాను.

"నువ్వా?"

"నేనే. మొత్తం పొయ్యి."

ఆమె నా మొహం చూసి, నేను వేళాకోళం ఆడటం లేదని తెలుసుకుని, గుప్పెడు కాదు, పొట్లం మొత్తం బోర్లించేసింది. పసిపిల్లలా గట్టిగా ఏడ్చింది. ఆమె అలిసి, ఇక వెళదాం అనేదాకా నేను పక్కనే చెప్పులు పట్టుకుని నిలబడ్డాను.